తెనాలికి ఒక రేటు, బాపట్లకు ఒక రేటు

పాత జాడీలు కొనడం ముందు మొదలుపెట్టింది నేను. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. మా బంధువుల్లో ఎవరిని అడిగినా జాడీల మోజు మా తోడికోడలిదే అంటారు. బాపట్లలో ఆమె ఇంటి హాల్లో, చిన్న బల్బుల వెలుగులో వరసగా పెట్టినవి అందరూ చూస్తారు. తెనాలిలో మా వంటింటి గట్టు కింద, పచ్చళ్లతో నిండి ఉన్నవాటిని ఎవరు వంగి చూస్తారు? ఆమె నాకంటే రెండేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టింది. అదీ నన్ను చూసి.

నేను తెనాలిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్లుగా అదే ఉద్యోగం. పొద్దున్నే వచ్చినవాళ్లకు రక్తం తీయడం, స్లైడ్లు చూడడం, మా దగ్గర కుదరని పరీక్షల శాంపిళ్లను పెట్టెలో సర్ది విజయవాడ పంపించడం. ఇన్నేళ్లలో నేను సర్దిన సీసా ఒక్కటి కూడా దారిలో పగల్లేదు. పగిలే వస్తువును ఎలా కట్టాలో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదని నాకు కాస్త గర్వం ఉండేది.

ఒక వేసవిలో ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెడితే రెండు నెలలకే వాసన మారింది. జాడీ కోసం బజారంతా తిరిగాను. దొరికినవి పల్చగా, తేలిగ్గా ఉన్నాయి. మా ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ ఫోన్లో ఒక వేలం సైటు చూపించింది. అక్కడ పాత వస్తువులన్నీ ఉన్నాయి. పైన గోధుమరంగు, కింద మీగడరంగు ఉన్న ఐదు కిలోల జాడీ ఒకటి మూడు వందలకు వేలంలో ఉంది. నేను మూడు వందల ఇరవై పెట్టాను. ఇంకెవరూ పాడలేదు. జాడీ నాదయింది. తర్వాత అమ్మినాయన దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, పోస్టేజీ, ప్యాకింగ్ కలిపి నూట తొంభై అని. సరే అని పంపాను.

పార్సిల్ మా ల్యాబ్‌కే తెప్పించుకున్నాను. అందరి ముందూ విప్పాను. పెట్టె మీద పంపినవారి ఊరు రేపల్లె అని ఉంది. ఎక్కడో రాజస్థాన్ నుంచో గుజరాత్ నుంచో వస్తుందనుకున్నది గంట రైలు ప్రయాణం దూరం నుంచి వచ్చింది. లోపల జాడీ బాగానే ఉంది గానీ మూత అంచు మీద గోరంత పెచ్చు ఊడింది. నాకు ఒళ్లు మండింది. ఫొటో తీసి పంపి, సగం డబ్బు వెనక్కి ఇవ్వాలన్నాను. ఆయన మారు మాట్లాడకుండా అరగంటలో పంపేశాడు. దాని మీద నేను ఇంకో మెసేజ్ పెట్టాను. ఏం రాశానో ఆ తర్వాత పూర్తిగా మర్చిపోయాను.

ఆ తర్వాత ఆయన దగ్గరే ఇంకా కొన్నాను. చిన్నవి, పెద్దవి, ఒకటి ఇత్తడి పట్టీ ఉన్నది. ఆయన కొల్లూరు అవతల లంక ఊళ్లలోనూ, చుట్టుపక్కల పాత ఇళ్లలోనూ తిరిగి సేకరించి ఆ సైటులో పెట్టేవాడు. కానీ రెండోసారి నుంచి పోస్టేజీ పెరిగింది. మూడు వందల ఎనభై అన్నాడు ఒకసారి. జాడీ నాలుగు వందలు, దాన్ని రేపల్లె నుంచి తెనాలికి పంపడానికి మూడు వందల ఎనభై.

మా ఆయన నవ్వేవాడు. "ఆదివారం రైలెక్కితే నువ్వే తెచ్చుకోవచ్చుగా."

"ఆదివారం నాకు ఇంట్లో పనుండదా?" అనేదాన్ని.

నిజానికి అది కాదు. పార్సిల్ రావడమంటే నాకు ఇష్టం. పేషెంట్లు తగ్గాక, మధ్యాహ్నం పన్నెండింటికి, నా పేరుతో ఒక పెట్టె రావడం, చుట్టూ నలుగురు చేరడం, "ఈసారి ఏంటండి?" అని అడగడం. మా ల్యాబ్‌లో రోజూ వచ్చే పెట్టెలన్నీ మందులవి, సిరంజిలవి. అందుకని పోస్టేజీ గురించి సణుక్కుంటూనే కట్టేదాన్ని. ఆ సణుగుడంతా వినేది మా తోడికోడలే.

ఆమె మా మరిది భార్య. బాపట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాకంటే ఆరేళ్లు చిన్న. ఆమె గురించి నేను చెడుగా చెప్పడానికి ఏమీ లేదు, అదే నా బాధ. కూరగాయల బండివాడు నాకు తూచి ఇస్తాడు, ఆమెకు తూచాక ఇంకో గుప్పెడు వేస్తాడు. బట్టల షాపులో నేను అరగంట బేరమాడి తగ్గించలేనిది ఆమె "కొంచెం చూడండి అన్నయ్యా" అంటే తగ్గుతుంది. బస్సులో ఆమెకు సీటు దొరుకుతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇది నాకు ముద్దుగానే ఉండేది. పదేళ్లు గడిచాక ముద్దు పోయింది.

జాడీల సంగతి ఆమెకు నేనే చెప్పాను. మా ఇంటికి వచ్చినప్పుడు ఒక్కొక్కటీ బయటికి తీసి చూపించాను. అడుగున ఉన్న ముద్ర చూపించాను. వేలంలో ఎప్పుడు పాడాలో, ఎప్పుడు ఆగాలో చెప్పాను. నా పేరు సైటులో ఎలా కనబడుతుందో కూడా చూపించాను. మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో చుక్కలు. ఆమె అన్నీ శ్రద్ధగా విన్నది. "భలే ఉన్నాయక్కా" అన్నది. అంతే.

కొన్నాళ్లకు వేలంలో నాకొక పోటీ తయారైంది. ఆ పేరులో రెండు అక్షరాలే కనబడేవి. నాకు ఏది నచ్చితే ఆ మనిషికీ అదే నచ్చేది. నేను ఐదు వందలంటే ఐదు వందల పది. ఆఖరి నిమిషంలో వచ్చి ఎత్తుకుపోయేది. ఆడమనిషే అని నాకు ఎందుకో ముందే తెలుసు. హైదరాబాద్‌లో పెద్ద ఫ్లాట్‌లో ఉండి ఉంటుందనుకున్నాను. పనిమనిషి ఉంటుంది, కారు ఉంటుంది, జాడీలో పచ్చడి పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఆమెను నేను ఎంత వివరంగా ఊహించుకున్నానంటే ఆమె కట్టుకునే చీరల రంగులు కూడా నాకు తెలుసు.

అప్పుడే రేపల్లె ఆయన జంట జాడీలు వేలానికి పెట్టాడు. జానెడు ఎత్తు, మీగడరంగు, నడుం దగ్గర రెండు నీలం గీతలు. రెండింటికీ అసలు మూతలే, గుండ్రటి బొడిపెలతో. పాత జాడీల్లో అసలు మూత దొరకడమే కష్టం, జంటకి రెండూ దొరకడం నేను అంతకుముందు చూడలేదు. వారం రోజులు ఆ ఫొటోనే చూసుకున్నాను. ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. "తెనాలికి పోస్టేజీ, ప్యాకింగ్ ఎంత అవుతుంది?" అని అడిగాను.

"నాలుగు వందల ఇరవై అవుతుందండి మేడమ్" అని జవాబు వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వేలం ముగింపు. అన్నం తిని ఫోను పట్టుకు కూర్చున్నాను. రెండు చుక్కల పేర్ల మధ్య పాట నడిచింది. తొమ్మిది వందల దాకా వెళ్లాను. దాని మీద పోస్టేజీ కలిపితే పదమూడు వందలు దాటుతుంది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి తొమ్మిది వందల యాభై పెట్టింది. జంట వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

నెల తర్వాత బాపట్లలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక మరిది వాళ్లింట్లో కాసేపు నడుం వాల్చి సాయంత్రం రైలుకు వెళ్దామనుకున్నాం. హాల్లో అడుగుపెట్టగానే నాకు ఎదురుగా గోడకు కొట్టిన చెక్క అర కనిపించింది. దాని మీద జాడీలు. ఆరున్నాయి. మధ్యలో, ఒక్కో దాని మీద ఒక్కో బల్బు పడేట్టు, నీలం గీతల జంట.

మా ఆయన నాకంటే ముందే దగ్గరికి వెళ్లాడు. మా వంటింట్లో పదకొండు జాడీలుంటే ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకోని మనిషి.

"చాలా బాగున్నాయమ్మా" అన్నాడు.

"ఎక్కడివి?" అని అడిగాను. 

"ఆన్‌లైన్‌లోనక్కా. వేలంలో వచ్చాయి. మా ఆయన ఫోన్‌లోంచి పాడతాను" అన్నది మా తోడికోడలు. మరిది పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం నాకు అప్పుడు గుర్తుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఎదురుగా కనబడుతున్నా నాకు తట్టలేదు.

"ఎంత పడ్డాయి?"

"తొమ్మిది వందల యాభై."

"అది కాదు. పోస్టేజీ ఎంత?"

ఆమె వంటింటివైపు చూసింది. కాఫీకి పాలు పెట్టి వచ్చింది. "అంతా కలిపి నూట నలభై అక్కా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట విన్నాక నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. వేలంలో ఓడిపోయాను, అది ఆట. హైదరాబాద్ ఫ్లాట్ మనిషి మా తోడికోడలే అయింది, అదీ మింగుతాను. కానీ రేపల్లె నుంచి తెనాలి ఎంత దూరమో బాపట్లా ఇంచుమించు అంతే దూరం, ఇంకాస్త ఎక్కువే. అవే రెండు జాడీలు. నాకు నాలుగు వందల ఇరవై, ఆమెకు నూట నలభై. మొహం చూడని మనిషి, గొంతు వినని మనిషి, ఫోన్లో మెసేజ్ చూసి కూడా ఈమెకు తగ్గించాలని ఎలా అనిపించింది? కూరగాయల బండివాడికైతే నవ్వు మొహం కనిపిస్తుంది. రేపల్లెలో కూర్చున్నాయనకి ఏం కనిపించింది?

తిరుగు రైల్లో మా ఆయన నిద్రపోయాడు. నిడుబ్రోలు దాటేలోపల నేను ఫోన్‌లో ఆ అమ్మకందారుకి ఒక్క స్టార్ ఇచ్చి, కింద రాశాను: "తెనాలికి ఒక రేటు, బాపట్లకు ఒక రేటు. మనిషిని బట్టి పోస్టేజీ వేస్తారు. కొనేవాళ్లు జాగ్రత్త." రాశాక కొంచెం చల్లబడ్డాను. చల్లబడ్డానని సిగ్గు కూడా పడ్డాను, కానీ తీసెయ్యలేదు.

ఆయన సైటులో ఏమీ వాదించలేదు. రెండు రోజుల తర్వాత నాకు విడిగా రాశాడు. "మేడమ్, పోయిన వారం మీరు పాడుకుని డబ్బు కట్టిన పెద్ద జాడీ ఇంకా మా దగ్గరే ఉంది. మీకు వీలైతే ఒకసారి మా ఇంటికి రండి. మీ ముందే ప్యాక్ చేస్తాం. ఖర్చు ఎందుకవుతుందో చూద్దురుగాని."

నేను పోట్లాడడానికే వెళ్లాను. హ్యాండ్‌బ్యాగులో మా వంటింటి తూకం మిషన్ పెట్టుకున్నాను. తూకం దగ్గర మోసం జరుగుతోందని నా అనుమానం. పోస్టాఫీసులో కట్టేది తక్కువ, నా దగ్గర తీసుకునేది ఎక్కువ అని లెక్క వేసుకున్నాను. ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె రైలెక్కాను. జంపని, వేమూరు స్టేషన్లలో పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లు ఎక్కి దిగుతుంటే, నేను కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు వరసగా తలచుకున్నాను.

ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. వీధివైపు గది ఒకప్పుడు కొట్టు అని చూడగానే తెలుస్తుంది. చెక్క తలుపులు, లోపల గోడలకు సన్నటి అరలు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల టోపీ, కళ్లజోడు. ముప్పై ఐదేళ్లు గాజుల వ్యాపారం చేశాడట. మోకాళ్లు పట్టేశాక కొట్టు మూసేసి ఇది మొదలుపెట్టాడు. గదిలో ఒక మూల ఊక బస్తాలు, ఇంకో మూల పళ్ల కొట్ల నుంచి తెచ్చిన అట్టపెట్టెలు. చాప మీద ఆయన భార్య కూర్చుని సూదిలోకి పురికొస ఎక్కిస్తోంది.

"రండి మేడమ్. రైలుకొచ్చారా?" అన్నాడాయన. ఆమె లేచి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నేను నీళ్లు తాగి నేరుగా విషయానికొచ్చాను. "బాపట్లకు నూట నలభై తీసుకుని నాకు నాలుగు వందల ఇరవై ఎందుకు చెప్పారండి?"

"చెబుతాను మేడమ్. ముందు ఇది చూడండి" అని నా జాడీని చాప మీద పెట్టాడు.

భార్య పని మొదలుపెట్టింది. మూతను విడిగా తీసి గుడ్డలో చుట్టింది. జాడీ లోపల ఊక నింపింది. బయట పాత పేపర్లు నాలుగైదు వరసలు చుట్టి దారం కట్టింది. ఒక పెట్టెలో అడుగున ఊక పోసి, జాడీ దించి, చుట్టూ చేత్తో కూరుతూ ఊక నింపింది. పెట్టెను ఊపింది. లోపల కదులుతున్నట్టు అనిపించి మళ్లీ విప్పి ఇంకో రెండు దోసిళ్లు పోసింది. టేపు వేసింది. ఇన్నాళ్లూ విప్పడమే గానీ కట్టడం చూడలేదు, అయిపోయిందనుకున్నాను. ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి మధ్యలో మళ్లీ ఊక పోసింది. దాని మీద గోనెగుడ్డ వేసి చుట్టూ కుట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. ముప్పావుగంట పట్టింది. ల్యాబ్‌లో నేను సర్దే పెట్టెకు ఐదు నిమిషాలు పడుతుంది. అందులో ప్రతి సీసాకూ ముందే చేసిన గుంట ఉంటుంది, ఆ పెట్టె తయారు చేసింది నేను కాదు.

"తూకం చూసుకోండి" అన్నాడాయన.

నా మిషన్ బయటికి తీశాను. పెట్టె దాని మీద పట్టలేదు. ఎలాగో నిలబెడితే అంకెలు పోయి ఒక గీత వచ్చింది. ఐదు కిలోలకు మించి అది తూయదు. ఆయన నవ్వలేదు. తన తూకం మీద పెట్టి చూపించాడు, తొమ్మిది కిలోలకు కాస్త తక్కువ. తర్వాత నాకు అంతకుముందు పంపిన పార్సిళ్ల పోస్టాఫీసు రసీదులు తీశాడు. నేను మూడు వందల ఎనభై కట్టినదానికి పోస్టాఫీసు తీసుకున్నదే మూడు వందల చిల్లర. మిగిలిందాంట్లో పెట్టెలు, టేపు, గోనెగుడ్డ, పోస్టాఫీసు దాకా ఆటో.

"మరి ఈవిడ కష్టం?" అని అడిగాను.

"దానికి మిగిలేది ఇరవై, ముప్పై" అన్నాడు.

ఇంక నా దగ్గర ఒక్క ప్రశ్నే ఉంది. "రెండు పెట్టెలెందుకండి? మొదటిసారి ఒక్క పెట్టేగా పంపారు. నూట తొంభైలో అయింది."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మీరే అడిగారు కదా మేడమ్" అని ఫోన్ తీసి వెతికి నా చేతికిచ్చాడు. మూత పెచ్చు ఊడిన రోజు నేను పంపిన మెసేజ్ అది. "నేను ల్యాబ్‌లో పని చేస్తాను, ప్యాకింగ్ అంటే ఏంటో నాకు తెలుసు. ఇలా పంపితే కుదరదు. ఇక మీదట డబుల్ బాక్స్ వేసి, బయట గోనె కుట్టి పంపండి. ఖర్చయినా పర్లేదు."

రెండుసార్లు చదివాను. నా మాటలే. ఆ గర్వం కూడా నాదే.

"బరువు పెరిగితే పోస్టేజీ పెరుగుతుంది కదా మేడమ్. మీకు ఇంకే మాటా రాకూడదని అప్పట్నించి అలాగే చేస్తున్నాం" అన్నాడు.

"బాపట్ల ఆవిడకి?"

"ఆవిడ పాట మొదలుపెట్టక ముందే ఫోన్ చేశారు. పోస్టులో కాకుండా ఇంకేమైనా దారి ఉందా అండి అని అడిగారు. మా ఆవిడ పుట్టిల్లు బాపట్ల. పదిహేను రోజులకోసారి వెళ్తాం. బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చాను. పెట్టె, ఊక, బస్టాండు నుంచి ఆటో, అంతే తీసుకున్నాను. తెనాలిలో మాకు ఎవరూ లేరు మేడమ్. ఉంటే మీకూ అలాగే తెచ్చిచ్చేవాణ్ని."

అప్పటిదాకా మాట్లాడని ఆయన భార్య సూది కింద పెట్టి అన్నది, "ఆ అమ్మాయి చాలా మంచిదండి. వెళ్లినప్పుడల్లా అన్నం తినందే వెళ్లనివ్వదు. మొన్న నా కళ్లకి చుక్కల మందు కూడా కొనిచ్చింది."

నిజం చెప్పాలి. ఆయన తీసుకున్నది న్యాయమేనని ఒప్పుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. కానీ ఈ చివరి మాట దగ్గర నా లోపల మళ్లీ అంటుకుంది. పోస్టేజీ కోపం పోయిన చోటే ఇంకోటి వచ్చి కూర్చుంది. నేను మూడేళ్లుగా వీళ్ల దగ్గర కొంటున్నాను. వీళ్లకు నేను మేడమ్‌ని. ఆమె వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఆ అమ్మాయి అయిపోయింది.

"ఆ స్టారు పడ్డాక కొత్తవాళ్లు అడగడం తగ్గించారు మేడమ్" అన్నాడాయన, నన్ను తప్పుపట్టే గొంతుతో కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు.

"సాయంత్రంలోగా మారుస్తానండి" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఎటూ వచ్చాను కదా అని పార్సిల్ నన్నే పట్టుకెళ్లమన్నాడు. పోస్టుకు కట్టాల్సిన డబ్బు నా ఫోన్‌కి వెనక్కి వేశాడు. ప్యాకింగ్‌ది మాత్రం నేను వెయ్యనివ్వలేదు. ఆమె టీ ఇచ్చింది. స్టేషన్‌దాకా ఆటో మాట్లాడి పెట్టారు. రైల్లో ఆ తొమ్మిది కిలోల పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వేమూరు వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. పక్కనామె "కింద పెట్టండమ్మా" అన్నది. జనం కాళ్లు తగులుతాయని పెట్టలేదు. అరవై దాటిన మనిషి మోకాళ్ల నొప్పులతో బాపట్ల దాకా బస్సులో ఇలాగే కూర్చుని వెళ్లి ఉంటాడు. దానికి ఆయన ఏమీ తీసుకోలేదు.

ఇంటికెళ్లగానే ఆ ఒక్క స్టారు తీసేసి ఐదిచ్చాను. "ప్యాకింగ్ చేయడం దగ్గరుండి చూశాను. తీసుకునేది న్యాయమైన ఖర్చు. అడగకుండా ముందు తప్పుగా రాశాను, క్షమించండి" అని రాశాను. మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన "బాగుంది" అని టీవీ చూసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, రేపల్లె వెళ్లారంట."

తెనాలి నుంచి ఒకావిడ వచ్చిందని వాళ్లు చెప్పి ఉంటారు. నేను శాంపిళ్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. "వెళ్లాను. నిన్ను ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. వేలంలో నీ ఎదురుగా పాడుతున్నది నేనని నీకు తెలుసా?"

 స్కూల్లో ఉన్నట్టుంది, వెనకాల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"మొదటి రెండుసార్లు తెలీదు. తర్వాత తెలుసక్కా."

"జంట జాడీలప్పుడు?"

"తెలుసు. మీకు పోస్టేజీ ఎక్కువ వేస్తారని మీరే చెప్పారుగా. తొమ్మిది వందల దగ్గర ఆగిపోతారనుకున్నాను."

 ఆమె గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయింది. "మీ ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లోకి తీసుకెళ్లి జాడీలు చూపించేవారు. మా ఆయన కూడా ప్రతిసారీ మా వదిన పచ్చడి, మా వదిన జాడీ అనేవాడు. నాకు పచ్చడి పెట్టడం సరిగ్గా రాదని మీకు తెలుసు. మీది ల్యాబ్ ఉద్యోగం, అందరూ మిమ్మల్ని అడిగి మందులు వేసుకుంటారు. నన్ను చూసి అందరూ నవ్వుతారు, అంతే. అవి మాత్రం మీకు దక్కకూడదనిపించిందక్కా."

ఇన్నేళ్లుగా ఆమెకు దొరికిన గుప్పెడు కూరగాయలూ, బస్సు సీట్లూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నది నేను. ఆమె కూడా బాపట్లలో కూర్చుని నావి లెక్కపెడుతోందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. కోపం వచ్చింది. దాంతోపాటు, ఎలా చెప్పాలో తెలియని తృప్తి లాంటిది కూడా వచ్చింది. నా దగ్గర ఆమె కోరుకునేది ఒకటి ఉందన్నమాట.

"సరే. పేషెంట్లు ఉన్నారు" అని పెట్టేశాను. ఆమె క్షమించమని అడగలేదు. నేనూ పర్లేదని అనలేదు.

మాట్లాడుకోవడానికి నెలన్నర పట్టింది. ఆమే మెసేజ్ పెట్టింది. కొల్లూరు వైపు ఒక పాత ఇంట్లో దొరికినవి నాలుగు జాడీలు ఒక్క వాటాగా వేలానికి వస్తున్నాయట. "మీరు పాడండి. నేను పాడను. కలిసి తీసుకుందాం. ఆయన బాపట్ల వచ్చేటప్పుడు తెస్తారు, నేను రైల్లో తెనాలి తెస్తాను" అని ఉంది. నేను ఈసారి పాట మొదలవకముందే రేపల్లెకు ఫోన్ చేశాను. నాలుగు కలిపి ఒక్క పెట్టెలో పెడితే ఎంత బరువు, విడివిడిగా పెడితే ఎంత, గోనె అక్కర్లేకపోతే ఎంత తగ్గుతుంది, అన్నీ అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఫోన్ పెట్టెయ్యబోతుంటే "మేడమ్" అనకుండా "జాగ్రత్తమ్మా" అన్నాడు. అది కూడా నేను గమనించాను. ఇలాంటివి గమనించడం మానుకోలేను.

జాడీలు మాకే వచ్చాయి. ఆదివారం ఆమె తెనాలి వచ్చింది. మరిది ఒక పెట్టె, ఆమె ఒక పెట్టె మోసుకొచ్చారు. హాల్లో కింద కూర్చుని విప్పబోతూ చూశాను. ఒక పెట్టె టేపు కోసి, మళ్లీ అతికించి ఉంది. మూడే జాడీలున్నాయి.

"ఒకటి ఇంట్లో ఉంచేశానక్కా. నల్ల మూతది" అన్నది, ఊక దులుపుకుంటూ.

ఫొటోలో చూసినప్పుడు నేను కూడా దాన్నే అనుకున్నాను. మీగడరంగు ఒళ్లు, మెరిసే నల్లటి మూత, నాలుగు జాడీల్లోకీ అదే అందమైనది.

"నాకు కావాల్సింది అదే" అన్నాను.

"అనుకున్నాను. అందుకే ముందు తీసేసుకున్నాను."

మరిది, మా ఆయన ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను ఒక జాడీని ఎత్తి అడుగు తిప్పి చూస్తూ, "నాకు ఇస్తావా ఇవ్వవా?" అని అడిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఒక ఏడాది ఉంచుకుని ఇస్తాను" అన్నది.

ఆ ఏడాది ఇంకా పూర్తికాలేదు. ఈమధ్య బాపట్ల వెళ్లినప్పుడు చూశాను, దాన్ని హాల్లో పెట్టలేదు. వంటింట్లో పెట్టి నిమ్మకాయ పచ్చడి పోసింది. రుచి చూడమని స్పూనుతో నా చేతిలో వేసింది. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట ఆమెతో అనలేదు, మా ఆయనతో మాత్రం రైల్లో రెండుసార్లు అన్నాను.